అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోతే ఆడిట్ ఏం చేస్తుంది?

అందరికీ నమస్కారం. ఈ రోజు నేను అవినీతి గురించి మాట్లాడటానికి రాలేదు. దాని గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. అవినీతినీ దుబారానూ నిర్లక్ష్యాన్నీ పట్టుకోవడానికి ప్రజల డబ్బుతో నడుస్తున్న సంస్థలు కొన్ని ఉన్నాయి కదా, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్, రాష్ట్ర ఆడిట్ శాఖ, ఆర్టీఐ అప్పీళ్లు చూసే సమాచార కమిషన్, లోకాయుక్త, ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ చేసే విభాగం, ఇలాంటివి, వాటి పని గురించి మాట్లాడతాను. ఇన్ని ఉండి, ఇంతమంది పనిచేస్తూ కూడా ఫలితం ఎందుకు ఇంత తక్కువగా ఉంటోంది అన్నది నా ప్రశ్న. నేను ఉద్యోగం చేసింది ఆడిట్‌లోనే, కాబట్టి మాట ఎక్కువగా అటే వెళ్తుంది, ఏమీ అనుకోకండి.

ఈ ప్రశ్న ఎవరిని అడిగినా రెండు సమాధానాలు వస్తాయి. బయటివాళ్లను అడిగితే "అక్కడ ఎవరూ పనిచేయరండీ" అంటారు. లోపలివాళ్లను అడిగితే "స్టాఫ్ లేరండీ" అంటారు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ పోస్టులన్నీ భర్తీ చేసి, అందరూ పొద్దున పదింటికే వచ్చి కూర్చున్నా పరిస్థితి పెద్దగా మారదని నా అభిప్రాయం. ఎందుకంటే అసలు చిక్కు ఈ సంస్థల గోడల లోపల కన్నా బయటే ఎక్కువగా ఉంది. ఇవి ఒక ప్రశ్న అడుగుతాయి. దానికి జవాబు చెప్పకపోయినా అవతలి అధికారికి ఏమీ కాదు. జీతం ఆగదు, ప్రమోషన్ ఆగదు, బదిలీ మీద వెళ్లిపోతే ఆ ప్రశ్న కూడా ఆ కుర్చీలోనే ఉండిపోతుంది. ఇలా ఏళ్ల తరబడి జరిగితే అడిగేవాళ్లు ఏం చేస్తారు? జవాబు వచ్చే చిన్న ప్రశ్నలే అడగడం నేర్చుకుంటారు. సంస్థ పనితనం పడిపోవడం అంటే నా దృష్టిలో ఇదే.

కొంచెం వివరంగా చెప్తాను. ఒక ఆడిట్ పార్టీ, అంటే తనిఖీ బృందం, ఒక ఆఫీసుకు వెళ్తుంది. ఆ ఆఫీసుకు ఇన్ని రోజులు అని ముందే లెక్క కట్టి ఇస్తారు, పార్టీ డేస్ అంటారు. మొదటి రోజు రికార్డులు కావాలని లిస్టు ఇస్తారు. క్యాష్ బుక్ వస్తుంది, వోచర్లు సగం వస్తాయి, చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్ ఇంజనీరు గారి దగ్గర ఉందంటారు, ఇంజనీరు గారు సైట్‌లో ఉన్నారంటారు, బీరువా తాళం ఉన్న మనిషి సెలవులో ఉన్నారంటారు. ఇలా ఒకటి రెండు రోజులు పోతాయి. కాగ్ విధులు, అధికారాలకు సంబంధించిన 1971 చట్టంలో 18వ సెక్షన్ కింద ఏ రికార్డునైనా అడిగే అధికారం ఉంది. కానీ ఇన్ని రోజుల్లో ఇవ్వాలి అన్న గడువు ఆ చట్టంలో లేదు, ఇవ్వనివాళ్లకు జరిమానా లేదు. ఆర్టీఐ కింద దరఖాస్తు పెట్టిన మామూలు పౌరుడికి 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలని చట్టం చెప్తుంది. రాజ్యాంగం ప్రకారం లెక్కలు చూడటానికి వచ్చిన ఆడిటర్‌కు ఆ పాటి గడువు కూడా చట్టంలో రాసి లేదు! ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

సరే, రికార్డులు వచ్చాయి, తప్పు కనిపించింది, హాఫ్ మార్జిన్ రాసి ఇచ్చారు. కాగితం మధ్యకి మడిచి ఒక పక్క ప్రశ్న రాస్తే రెండో పక్క వాళ్లు జవాబు రాయాలి, అందుకే ఆ పేరు. ఎక్కువసార్లు వచ్చే జవాబు "వివరాలు సేకరించి తెలియజేస్తాము." ఆ వివరాలు రావు. పార్టీ వెళ్లిపోతుంది, తనిఖీ నివేదిక తయారవుతుంది, అందులో ఒక్కో అభ్యంతరాన్నీ ఒక పేరా అంటారు. ఆ నివేదిక పై ఆఫీసుకు, అక్కడి నుంచి మళ్లీ కింది ఆఫీసుకు వెళ్తుంది. రిమైండర్లు వెళ్తాయి. ఈలోగా ఆ సంతకం పెట్టిన మనిషి మారిపోతారు. కొత్తగా వచ్చినవారు "ఇది నా హయాంలో జరగలేదు" అంటారు, అందులో తప్పేమీ లేదు కూడా.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక మెలిక ఉంది. మన పెన్షన్ నిబంధనల్లో, 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్స్‌లో, 9వ రూల్ అని ఒకటి ఉంది. ఒక ఉద్యోగి రిటైర్ అయ్యాక, నాలుగేళ్ల కంటే పాత సంఘటన మీద కొత్తగా శాఖాపరమైన చర్య మొదలుపెట్టడానికి వీల్లేదు. ఆ రూల్ పెట్టడంలో న్యాయం ఉంది, వయసు మళ్లినవాళ్లను ఎప్పటెప్పటి ఫైళ్లతోనో వేధించకూడదు. కానీ ఆడిట్ లెక్క చూడండి. డబ్బు ఖర్చయిన రెండు మూడేళ్లకు ఆ ఆఫీసు ఆడిట్ వంతు వస్తుంది. జవాబుల కోసం ఇంకో రెండేళ్లు. ఈ లోపు బాధ్యులు రిటైర్ అయ్యారంటే ఆ పేరా బతికున్నా దాని కింద చర్య తీసుకోవడానికి మనిషి ఉండడు. అంటే ఆలస్యం చేయడమే ఒక రక్షణ. అవతలి ఆఫీసుల్లో ఈ లెక్క తెలిసినవాళ్లు తెలిసినట్టే ఉంటారు.

ఇప్పుడు కుర్రాళ్ల సంగతి. కొత్తగా చేరిన ఆడిటర్ మంచి ఉత్సాహంతో ఉంటాడు. ఊళ్లో వేసిన రోడ్డు నిజంగా ఎం-బుక్‌లో రాసినంత మందం ఉందా లేదా చూద్దాం అంటాడు. అది చూడాలంటే సైట్‌కు వెళ్లాలి, కొలవాలి, ఇంజనీరింగ్ తెలిసిన మనిషి పక్కన ఉండాలి, రెండు మూడు రోజులు పడుతుంది, ఆఖరికి రాసిన పేరా మీద ఏళ్ల తరబడి ఉత్తరాలు నడుస్తాయి. అదే బిల్లులో లేబర్ సెస్ మినహాయించలేదు, ఇసుక, కంకర మీద ప్రభుత్వానికి రావాల్సిన సీనరేజీ తక్కువ పట్టారు, వోచర్ మీద సంతకం లేదు అని రాస్తే గంటలో పేరా అవుతుంది, అవతలివాళ్లు కూడా ఒప్పుకుని ఆ వెయ్యి రూపాయలూ కట్టేస్తారు, రివ్యూ మీటింగ్‌లో "రాసిన పేరాలు ఇన్ని, పరిష్కారమైనవి ఇన్ని" అని చూపించుకోవచ్చు. ఆ కుర్రాడు మూడేళ్లలో ఏ దారి పడతాడో నేను చెప్పక్కర్లేదు. వాడు బద్ధకస్తుడు కాదు. రోజంతా పనిచేస్తాడు. పేరాల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది, ఊళ్లో రోడ్డు మాత్రం తొలి వానకే లేచిపోతుంది.

దీనికి ఇంకో చెడ్డ ఫలితం కూడా ఉంది, ఇది ఆడిట్ వాళ్లకు నచ్చదు కానీ చెప్పాలి. చిన్న చిన్న అభ్యంతరాలు ఎక్కువైన కొద్దీ నిజాయితీగా పనిచేసే అధికారి భయపడతాడు. అత్యవసరంగా మందులు కొనాల్సిన ఆసుపత్రి సూపరింటెండెంట్ "రేపు ఆడిట్ వాళ్లు అడుగుతారు" అని ఫైలు పక్కన పెడతాడు. పెద్ద దొంగ మాత్రం కాగితాలన్నీ పక్కాగా పెట్టుకుంటాడు. అతనికి ఆడిట్ అంటే టెన్షన్ ఉండదు.

పైస్థాయికి వెళ్దాం. కాగ్ నివేదికలు రాష్ట్రాల్లో గవర్నర్‌కు వెళ్తాయి, గవర్నర్ వాటిని శాసనసభ ముందు పెట్టించాలి, రాజ్యాంగం 151వ అధికరణం. ఎప్పటిలోగా పెట్టాలి? అది రాసి లేదు. ఢిల్లీలో ఏం జరిగిందో గుర్తుందా, 14 కాగ్ నివేదికలు సభ ముందుకు రాకుండా ఉండిపోయాయి, 2025 జనవరిలో హైకోర్టు ఆ జాప్యాన్ని తప్పుపట్టింది, ఫిబ్రవరిలో ప్రభుత్వం మారాక గానీ అవి ఒక్కొక్కటిగా బయటికి రాలేదు. ఏ పార్టీ అన్నది నా విషయం కాదు, గడువు లేని చోట ఎవరున్నా ఇలా చేయగలరు. ఏళ్ల కిందటి మద్యం విధానం మీదో ఆసుపత్రుల మీదో రాసిన నివేదిక, ఆ ప్రభుత్వం దిగిపోయాక చదివితే అది రాజకీయ ఆయుధంగా పనికొస్తుంది గానీ పరిపాలన బాగుపడటానికి పనికిరాదు.

మన కాళేశ్వరాన్నే తీసుకోండి. పనులు 2016లో మొదలయ్యాయి, 2019 జూన్‌లో ప్రారంభోత్సవం, 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. కాగ్ పనితీరు ఆడిట్ నివేదిక సభ ముందుకు వచ్చింది 2024 ఫిబ్రవరిలో. ప్రాజెక్టు ఖర్చు 1.47 లక్షల కోట్లు దాటే అవకాశం ఉందని, ఖర్చు పెట్టే ప్రతి రూపాయికీ వచ్చే ప్రయోజనం 52 పైసలేనని అందులో ఉంది. చాలా శ్రమ పడి రాసిన నివేదిక, లోతుగా ఉంది, ఆ టీమ్ పని మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ 52 పైసల లెక్క కాంక్రీటు పోయకముందు సభలో చర్చకు వచ్చి ఉంటే ఎలా ఉండేది? ఆడిట్ ఎప్పుడూ ఖర్చయ్యాకే వస్తుంది, దాని స్వభావమే అంత అని సరిపెట్టుకుంటాం. పెద్ద ప్రాజెక్టుల్లో దశలవారీగా, ఒక దశ ముగిసి రెండోది మొదలయ్యే లోపు, చూడటానికి అడ్డేమీ లేదు. చూసినదాన్ని వెంటనే సభకు చేర్చే ఏర్పాటే లేదు.

కేంద్రంలో ఇంకో సంగతి. కేంద్ర మంత్రిత్వ శాఖల మీద కాగ్ నివేదికలు 2015లో 55 ఉంటే 2020 నాటికి 14కు పడిపోయాయని ఆర్టీఐ జవాబు ఆధారంగా పత్రికల్లో వచ్చింది. 2020 కోవిడ్ ఏడాది, అది ఒప్పుకుందాం, కానీ తగ్గుదల అంతకు ముందే మొదలైంది. నివేదికల సంఖ్యే పనికి కొలమానం అని నేననను, ఇప్పుడే పేరాల లెక్కను తప్పుపట్టాను కదా. కానీ ఇంత తేడా వచ్చినప్పుడు పార్లమెంటు కారణం అడగాలి. అడగాల్సింది ఆడిట్ నివేదికలను పరిశీలించే సభ్యుల కమిటీ, అదే ప్రజా పద్దుల సంఘం, పీఏసీ. లోక్‌సభలో 1967 నుంచీ ప్రతిపక్ష సభ్యుడిని పీఏసీ అధ్యక్షుడిగా పెట్టే సంప్రదాయం ఉంది. 2024లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పీఏసీ గురించి గొడవ జరిగింది, ఆ పదవి ఎవరిది అని. అది ముఖ్యమే. కానీ ఆ పీఏసీ ఏడాదికి ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్ని పేరాలు చదివింది, ఏ కార్యదర్శిని పిలిచి ఏం అడిగింది అని ఒక్క టీవీ చర్చ కూడా నేను చూడలేదు. పీఏసీ కూర్చోకపోతే ఆడిట్ నివేదిక గ్రంథాలయంలో పుస్తకమే.

అంబేడ్కర్ ఈ ప్రమాదాన్ని ముందే చూశారు. 1949 మే 30న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, రాజ్యాంగంలో బహుశా అందరికన్నా ముఖ్యమైన అధికారి కాగ్ అన్నారు, ఆయన విధులు న్యాయవ్యవస్థ విధుల కన్నా ముఖ్యమన్నారు, కాబట్టి న్యాయవ్యవస్థకు ఉన్నంత స్వతంత్రత ఈ అధికారికీ ఉండాల్సింది అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది స్టాఫ్‌ను నియమించుకునే అధికారం లాంటి చాలా మామూలు విషయాలు. మనిషిని ఎవరు పెడతారు, జీతం ఎవరు ఇస్తారు, ఖాళీని ఎవరు నింపుతారు. అన్నీ అక్కడే తేలిపోతాయి.

ఖాళీల మాట వచ్చింది కాబట్టి సమాచార కమిషన్ దగ్గరికి వద్దాం. ఆర్టీఐ చట్టం ప్రకారం రాష్ట్ర కమిషన్‌లో ప్రధాన కమిషనర్‌తో పాటు పది మంది వరకు కమిషనర్లను పెట్టుకోవచ్చు. తెలంగాణలో 2023 ఫిబ్రవరి తర్వాత ఒక్కరంటే ఒక్క కమిషనర్ లేరు. 2025 మే నెలలో మళ్లీ నియమించారు. రెండేళ్లు దాటిపోయింది. జార్ఖండ్‌లో 2020 మే నుంచి ఏళ్ల తరబడి ఇదే కథ. దేశమంతా కలిపి చూస్తే కమిషన్లలో పెండింగ్‌లో ఉన్న అప్పీళ్లు, ఫిర్యాదులు 2024 జూన్ నాటికి 4 లక్షలు దాటాయి. ఖాళీ రాకముందే నియామకాల పని మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలోనే చెప్పింది. ఖాళీ ఎప్పుడు వస్తుందో తెలియనిదేం కాదు, పదవీకాలం ముందే తెలుసు, క్యాలెండర్ చూస్తే చాలు. అయినా నింపరు. నింపకపోతే జవాబు చెప్పుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు కాబట్టి నింపరు.

కమిషన్ ఖాళీగా ఉంటే నష్టం అప్పీళ్లు పేరుకుపోవడం ఒక్కటే అనుకోకండి. మండలాఫీసులో కూర్చున్న సమాచార అధికారికి సంగతి తెలుస్తుంది. "ఇవ్వను, పైకి వెళ్లు" అంటాడు. పైన ఎవరూ లేరు. మొదటి అప్పీలు 30 రోజుల్లో, కారణం రాస్తే 45 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, రెండో అప్పీలుకు గడువే లేదు. సమాచారం ఇవ్వకపోతే రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25 వేల జరిమానా వేయొచ్చు, ఈ చట్టానికి ఉన్న ముఖ్యమైన కోర అది. కమిషన్లు ఆ జరిమానా వేయాల్సిన కేసుల్లో కూడా చాలా అరుదుగా వేస్తున్నాయని ప్రతి ఏడాదీ కమిషన్ల పనితీరును చూసే పౌర సంఘాలు చెప్తూనే ఉన్నాయి. ఇంకొక పద్ధతి వచ్చింది, అప్పీలులో ఒక కాగితం లేదనో పేజీ నంబరు వేయలేదనో వెనక్కి పంపేయడం. రిజిస్టర్‌లో అది తగ్గిన పెండింగ్ కిందికి వస్తుంది. మారుమూల ఊరి నుంచి పెట్టిన మనిషి రెండోసారి పెట్టడు.

సామాజిక తనిఖీ గురించి చెప్పకుండా ఉండలేను, అది మన నేల మీద పెరిగిన పని. ఉపాధి హామీ వచ్చిన 2006లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది, 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక స్వతంత్ర సొసైటీ పెట్టారు. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి, మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ పంపారు. "అమ్మా, ఈ మస్టర్‌లో నువ్వు 14 రోజులు పని చేసినట్టు ఉంది, చేశావా?" ఆ ప్రశ్న అడిగే ధైర్యం మామూలు ఆడిట్ పార్టీకి ఎప్పుడూ లేదు. చనిపోయినవాళ్ల పేర్లు, ఊళ్లో లేనివాళ్ల పేర్లు బయటపడ్డాయి, మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివారు. దేశంలో ఇంకే రాష్ట్రమూ ఈ పని ఇంత పద్ధతిగా చేయలేదు.

మరి తర్వాత ఏమైంది? ఫర్జానా ఆఫ్రిది, వెగార్డ్ ఇవెర్సెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మన జిల్లాల తనిఖీ నివేదికలనే తీసుకుని లెక్కలు వేశారు. తనిఖీలు పదే పదే జరిగినా అక్రమాలు మొత్తం మీద తగ్గలేదు, కూలి డబ్బుల్లో సులువుగా దొరికిపోయేవి తగ్గి, సామగ్రి ఖర్చుల్లో కష్టం మీద దొరికేవి పెరిగాయి. కాజేసినట్టు తేలిన డబ్బులో 87 శాతం వాళ్లు లెక్క వేసేనాటికి వసూలు కాలేదు. బాధ్యుడు ఎవరో తేలిన అక్రమాల్లో ఉద్యోగం ఊడటం గానీ క్రిమినల్ కేసు గానీ అయినవి ఒక శాతం కూడా లేవు. చూశారా, కనిపెట్టడంలో ఈ వ్యవస్థ ఎక్కడా తక్కువ కాలేదు. కనిపెట్టాక పని వేరేవాళ్ల చేతికి వెళ్లింది, ఏ శాఖ మీద తనిఖీ జరిగిందో ఆ శాఖ చేతికే. దీనికోసం ఉమ్మడి రాష్ట్రం 2012లో ప్రత్యేక చట్టం కూడా చేసింది, సంచార కోర్టులతో సహా. చట్టం ఉన్నంత మాత్రాన వసూలు కాదు, ఆ ఫైలు వెంటపడే మనిషి కావాలి. ప్రజావేదికలో లేచి నిలబడి ఫీల్డ్ అసిస్టెంట్ మీద చెప్పిన ఆడమనిషి మర్నాడు అదే మనిషి దగ్గర పని అడగాలి. ఏమీ జరగలేదని తెలిశాక మరుసటి ఏడాది ఆమె వేదిక దగ్గరికి రాదు. సాక్షి రాకపోతే తనిఖీ బృందానికి దొరికేదీ తగ్గుతుంది. పనితనం తగ్గిందని నివేదికలో రాస్తారు. ఆమె ఎందుకు రాలేదో రాయరు.

కేంద్రంలో అవినీతి ఫిర్యాదులు చూసే లోక్‌పాల్ గురించి ఒక్క మాటే. చట్టం 2014 జనవరిలో అమల్లోకి వస్తే మొదటి లోక్‌పాల్ 2019 మార్చిలో వచ్చారు. అంతే.

మరి ఏం చేయాలి అంటారు. నేను పెద్ద సంస్కరణల గురించి చెప్పను. కొలిచే పద్ధతి ఒక్కటి మార్చినా చాలా తేడా వస్తుంది. అమెరికాలో కాంగ్రెస్ తరఫున ఆడిట్ చేసే జీఏఓ అనే సంస్థ, తాను చేసిన సిఫారసుల్లో నాలుగేళ్ల తర్వాత ఎన్ని అమలయ్యాయి అని ప్రతి ఏడాదీ లెక్క చెప్తుంది. దాదాపు నాలుగింట మూడు వంతులు అమలవుతుంటాయి. అమలు కానివాటిని సంస్థ పేర్లతో సహా వెబ్‌సైట్‌లో ఉంచుతుంది. మన దగ్గర ఒక ఆడిటర్ ఎన్ని పేరాలు రాశాడని అడుగుతాం. రాసిన పేరా వల్ల ఏ పద్ధతి మారింది, ఎవరి డబ్బు వెనక్కి వచ్చింది అని అడగడం మొదలుపెడితే, కుర్రాళ్లు మళ్లీ రోడ్డు మందం కొలవడానికి వెళ్తారు. రికార్డు ఇవ్వడానికి గడువు, నివేదిక సభలో పెట్టడానికి గడువు, ఖాళీ నింపడానికి గడువు. ఈ మూడు గడువులు చట్టంలో రాసి, దాటితే ఎవరు బాధ్యులో పేరుతో రాయాలి.

ఇందాక ఒక తమ్ముడు చీటీ పంపాడు, "సార్, అంతా ఆన్‌లైన్ అవుతోంది కదా, ఇంక ఈ సమస్య ఉండదు కదా" అని. తమ్ముడూ, ఆన్‌లైన్ వల్ల రికార్డు దాచడం కష్టమవుతుంది, అది నిజమైన మేలే. కానీ జవాబు ఇవ్వకపోవడం ఆన్‌లైన్‌లోనూ సులువే. నీకు ఒక పని చెప్తాను. కేంద్ర పంచాయతీరాజ్ శాఖది ఆడిట్ ఆన్‌లైన్ అని ఒక వెబ్‌సైట్ ఉంది, గ్రామ పంచాయతీల ఆడిట్ నివేదికలు అందులో పెడుతున్నారు. మీ రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుని మీ పంచాయతీ నివేదిక తీసి ప్రింట్ చెయ్యి. అందులో పేరాలు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994 ప్రకారం ఆడిట్ నివేదికను గ్రామసభ ముందు పెట్టాలి. వచ్చే గ్రామసభకు ఆ ప్రింట్ పట్టుకుని వెళ్లు. డబ్బు ఎక్కువ ఉన్న పేరా ఒకటి ఎంచుకుని, దీనికి మనం ఏం జవాబు ఇచ్చాం, ఏ తేదీన ఇచ్చాం అని పంచాయతీ కార్యదర్శిని అడుగు, ఆ జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించు. "ఇంకా ఇవ్వలేదు" అన్నా సరే, అదే మాట రాయించి సంతకాలు పెట్టించు.